అబ్బిన గుణం ఎవరిది?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆ సామెత నీడలోనే ఇంకో నమ్మకం నడుస్తుంటుంది: మధ్యలో నేర్చుకున్న మంచితనం పైపూత, కడిగితే పోయేదే అని. కార్బన్ ఎలక్ట్రోడ్లతో కాలం గడిపే నాకు పేచీ ఈ రెండోదానితోనే.

మన శాస్త్రాల్లో దీనికి రెండు ఉదాహరణలున్నాయి. వేదాంతి స్ఫటికం పక్కన మందారం పెడతాడు. పువ్వు ఉన్నంతసేపే ఎరుపు. తీస్తే స్ఫటికం ఎప్పటిలా తెల్లన. ఆత్మకు గుణాలూ అంతే అంటాడు. తార్కికుడు కుండ చూపిస్తాడు. తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు లెక్కలో, ఆవంలో కాలాక వచ్చిన ఎరుపు పాకజం, వేడివల్ల పుట్టింది. మధ్యలో వచ్చిందే, అయినా అది మట్టి గుణమే.

నా బల్ల మీద ఒకే నల్లపొడి ఈ రెండింటికీ సాక్ష్యం చెబుతుంది. కార్బన్ బ్లాక్ అంటే నానోమీటర్లలో కొలిచే మసి రేణువులు. ఉత్తపొడి నీళ్లమీద తేలి గాజుకు అంటుకుంటుంది. సబ్బులాంటిది కలిపితే మునుగుతుంది. సబ్బును కడిగేస్తే మళ్లీ మొదటికే. ఇది మందారం. సల్ఫనిలిక్ ఆమ్లం నుంచి చేసిన డయజోనియం లవణంతో కలియబెడితే మాత్రం నైట్రోజన్ వాయువై వెళ్లిపోతుంది. మిగిలిన బెంజీన్ వలయం సల్ఫోనేట్‌తో సహా కార్బన్‌కు రసాయన బంధంతో అతుక్కుంటుంది. ఆపైన ఎన్ని నీళ్లు మార్చినా ఊడదు. పొడి సిరాలా నీళ్లలో నిలుస్తుంది.

ఆ సిరాచుక్కను ఎలక్ట్రోడ్ మీద ఆరబెట్టి డోపమిన్‌ను వెతికితే తేడా తెలుస్తుంది. మెదడు ద్రవంలో డోపమిన్ కన్నా విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు కార్బన్ మీద రెండింటి సంకేతాలూ ఒకదానిమీదొకటి పడిపోతాయి. సల్ఫోనేట్ రుణావేశం ధనావేశమున్న డోపమిన్‌ను దగ్గరకు తీసి, రుణావేశమున్న విటమిన్ సిని దూరం పెడుతుంది. ఈ వివేకం మసికి పుట్టుకతో రాలేదు. సల్ఫోనేట్ గుణం కాదు, ద్రవ్యమేనని తార్కికుడు పట్టుకుంటాడు. ఒప్పుకుంటాను. ఎంచుకునే శక్తి మాత్రం ఇప్పుడు ఆ రేణువుదే.

1992లో ఫ్రాన్స్‌లో పిన్సన్ బృందం ఈ బంధాన్ని కార్బన్ ఎలక్ట్రోడ్ మీద చూపించింది. అక్కడ డయజోనియంకు ఎలక్ట్రాన్ అందింది ఆ కార్బన్ నుంచే. మందారం పక్కన స్ఫటికం ఏమీ ఇచ్చుకోదు. అందుకే నాకనిపిస్తుంది, గుణం మనదవ్వాలంటే మన దగ్గర్నుంచి ఏదో ఒకటి పోవాలి. పైసా, నిద్ర, పంతం, ఏదైనా సరే. ఏమీ పోకుండా వచ్చిన భక్తి పండగ వెళ్లగానే పోవడంలో వింతేముంది?

లోపలి కార్బన్ మారలేదు కదా అని వేదాంతి అడగవచ్చు. నిజమే, విద్యుత్తును మోసేది అదే; అది లేకపోతే పైపొర దండగ. కానీ డోపమిన్ కలిసేది లోపలి కార్బన్‌ను కాదు. ఎదుటివాడికి నా ఆత్మ తెలియదు, నా నడతే తగులుతుంది.

అలాగని పొర ఎంత మందమైతే అంత మేలు కాదు. డయజోనియం చర్యను ఆపకపోతే పొర మీద పొర పెరిగి ఎలక్ట్రాన్లను అడ్డుకుంటుంది. ఫెర్రోసయనైడ్‌తో పరీక్షిస్తే గ్రాఫులో కొండలా లేవాల్సిన పీక్ చదునవుతుంది. నిష్ఠ ముదిరి ఇంట్లోవాళ్లకే అందకుండా పోయిన పెద్దలు మనకు కొత్తా? అబ్బిన గుణం మనదేనని ఒప్పుకున్నాక, దాన్ని ఎక్కడ ఆపాలో చూసుకునే పూచీ కూడా మనదే.