సమ్మతి పత్రం మీద సంతకం

పిల్లల మేలు కోరని తల్లిదండ్రులు ఎక్కడా ఉండరు. మరి అందరూ పిల్లల మేలే కోరుతుంటే, వాళ్ళలో వాళ్ళకు గొడవ ఎందుకు వస్తుంది? కరోనా రోజుల్లో మా కొంతం చౌక్‌లో ఈ ప్రశ్న కుళాయి దగ్గర, కిరాణా కొట్టు ముందు, బీడీ కార్ఖానా గేటు దగ్గర రోజూ కనబడింది. బడి తెరవాలని కొందరు, వద్దని కొందరు. మాస్కు ఉంటేనే పంపుతామని ఒకరు, మాస్కు పెడితే పిల్లకు ఊపిరాడదని ఇంకొకరు. అప్పటి గొడవలు ఇప్పుడు చల్లారాయి. కానీ భద్రత విషయంలో మాట కలవనప్పుడు ఎవరి మాట చెల్లాలి అనేది మనం తేల్చుకోలేదు.

ముందు జరిగింది చెబుతాను. 2020 మార్చిలో మహారాష్ట్రలో బడులన్నీ మూశారు. ఏప్రిల్‌లో సోలాపూర్‌లో మొదటి కరోనా రోగి మన చేనేతవాళ్ళు ఉండే పాచ్ఛా పేటలోనే బయటపడ్డాడు. అందుకే మన పేటల్లో భయం ముందే వచ్చి కూర్చుంది. ఆ ఏడాది నవంబరు 23 నుంచి 9 నుంచి 12 తరగతులకు, 2021 జనవరి 27 నుంచి 5 నుంచి 8 తరగతులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాజరు తప్పనిసరి కాదు. తల్లిదండ్రులు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాలి. మాస్కు ఉండాలి, బెంచీకి ఒక్కరే కూర్చోవాలి, టీచర్లు కరోనా పరీక్ష చేయించుకోవాలి. తర్వాత రెండో అల వచ్చి మళ్ళీ మూశారు. 2021 ఆగస్టు 17 నుంచి తెరుస్తామని విద్యాశాఖ ప్రకటించింది. టాస్క్‌ఫోర్స్ డాక్టర్లు వద్దనడంతో అది ఆగిపోయింది. చివరికి అక్టోబరు 4న పట్టణాల్లో 8వ తరగతి నుంచి, పల్లెల్లో 5వ తరగతి నుంచి మొదలుపెట్టారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి ఇంకోసారి మూత పడింది. అంటే మంత్రులకూ డాక్టర్లకూ కూడా మాట కలవలేదు. అలాంటప్పుడు మన గల్లీ తల్లులకు కలవలేదని వాళ్ళను తప్పు పట్టడం న్యాయం కాదు.

బడి వద్దన్నవాళ్ళ మాట విందాం. “మాది ఒకటే గది. అదే గదిలో మా అత్త ఉంటది. ఆమెకు దమ్ము ఉంది. పోరికి ఏం కాకపోవచ్చు, అది ఇంటికి తెస్తే ముసలామెకు ఏమన్నా అయితే జిమ్మేదారి ఎవరిది?” ఈ మాటలో పిరికితనం లేదు. ఆమె తన ఇంటి కొలత తీసుకొని మాట్లాడుతోంది. పెద్ద ఇల్లు ఉన్నవాళ్ళు రోగిని వేరే గదిలో పెట్టవచ్చు. మన పేటల్లో ఒక మూల సాంచా, ఒక మూల పొయ్యి, మధ్యలో పడక. ఇక్కడ ‘దూరం పాటించండి’ అనే మాట గోడ మీద రాసుకోవడానికే పనికొచ్చింది.

తెరవాలన్నవాళ్ళ మాట కూడా వినాలి. “నేను బీడీలు చేసి కార్ఖానాకు ఇచ్చొచ్చేసరికి పొద్దు పోతది. ఇంట్లో ఫోను ఒకటే, అది ఆయన జేబులో ఉంటది. మా పోరడు అక్షరాలు మరిచిపోయిండు.” ఇందులో నిర్లక్ష్యం లేదు. మన జిల్లాలోని పరితేవాడి బడిలో పనిచేసిన రణజిత్‌సింహ్ డిసలే సారుకు 2020 డిసెంబరులో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ పెట్టి పాఠం వినిపించినందుకు ఆయనకు ప్రపంచమంతా పేరు వచ్చింది. మనందరికీ అది గర్వమే. కానీ ఆ కోడ్ చదవడానికీ ఫోను కావాలి కదా. టీవీలో సహ్యాద్రి చానెల్ మీద ‘టిలిమిలి’ పాఠాలు వచ్చాయి. అవి మరాఠీలో ఉన్నాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో తెలుగు పాఠాలు వచ్చాయి. భాష మనదే, సిలబస్ మాత్రం వాళ్ళది. తెలుగు మీడియం పిల్లలు రెండింటికీ మధ్య మిగిలిపోయారు. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్ మొదలైనవారు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1400 మంది పేద ఇళ్ళ పిల్లలను కలిసి ఒక సర్వే చేశారు. క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్ళు పట్టణాల్లో 100కు 24 మంది, పల్లెల్లో 8 మందే. బడి మూయడానికి ఖర్చు లేదు అనుకోవడం తప్పని ఈ లెక్క చెబుతుంది. ఆ ఖర్చు పేద పిల్లల మీద పడింది.

కాబట్టి ఈ ఇద్దరు తల్లులకు అసలు రోగం మీద తగాదా లేదు. ఒకరు ముసలామె ఊపిరిని లెక్కపెడుతున్నారు, ఒకరు పిల్లవాడి చదువును లెక్కపెడుతున్నారు. రెండు లెక్కలూ నిజమే.

మూడో రకం మాట ఒకటి ఉంది. “మా పిల్ల, మా ఇష్టం. మాస్కు పెడితే పెడతాం, లేకుంటే లేదు.” దీన్ని నేను ఒప్పుకోలేను. హెల్మెట్ పెట్టుకోనివాడి తల ముందు అతనిదే పగులుతుంది. మాస్కు సంగతి అలా కాదు. నేను మాస్కు తీసి దగ్గితే అది పక్క బెంచీకి, అక్కడి నుంచి పక్క ఇంటికి, ఆ ఇంట్లో దమ్ముతో ఉన్న అవ్వ దాకా పోతుంది. ఆ అవ్వ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నిజమే, అన్ని వయసులకూ ఒకే నియమం పెట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 5 ఏళ్ళలోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయవద్దనీ, 12 ఏళ్ళు దాటినవారు పెద్దలలాగే పెట్టుకోవాలనీ 2020లోనే చెప్పింది. వయసును బట్టి, అవసరాన్ని బట్టి నియమం మారవచ్చు. ఇష్టాన్ని బట్టి మారకూడదు.

అయితే అందరినీ అడిగి, ఎక్కువమంది ఏది అంటే అది చేస్తే సరిపోదా? 2021 జూలైలో ప్రభుత్వం అలాగే అడిగింది. జవాబు ఇచ్చిన తల్లిదండ్రుల్లో 100కు 80 మందికి పైగా బడులు తెరవాలన్నారు. బడి ఎప్పుడు తెరవాలో తేల్చడానికి ఆ లెక్క పనికొస్తుంది. మిగిలిన 20 మందిని వదిలేయడానికి మాత్రం అది అనుమతి కాదు. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మనది మైనారిటీ బడి. సోలాపూర్‌లో తెలుగు బడి కావాలా వద్దా అని ఊరంతా ఓట్లు వేస్తే మనం గెలుస్తామా? రాజ్యాంగంలోని 30వ అధికరణం భాషా మైనారిటీలకు సొంత బడులు పెట్టుకునే హక్కు ఇచ్చింది కాబట్టి మనం ఓట్లు లెక్కపెట్టకుండానే తెలుగులో చదువుతున్నాం. తక్కువమందికి కూడా చోటు ఉండాలనే న్యాయం వల్ల బతుకుతున్న బడిలో, తక్కువమంది భయానికి చోటు లేకపోతే ఎలా? సాంచా మీద ఒక్క పోగు తెగినా నాయన దాన్ని ఆపి ముడి వేస్తాడు. వేల పోగులు బాగానే ఉన్నాయి కదా అని నడిపిస్తే బట్ట ఖరాబవుతుంది.

ఇప్పుడు సంతకం సంగతికి వస్తాను. ఇంట్లో చూసేవాళ్ళు లేక పిల్లను పంపిన తల్లి సంతకం పెట్టింది. అత్తకు ఏమవుతుందోనని భయపడిన తల్లి పెట్టలేదు. మొదటి ఆమె ధైర్యంతో పెట్టలేదు, రెండో ఆమె చదువు వద్దనుకొని మానలేదు. ఇద్దరికీ ఒక్కొక్క దారే ఉంది. ఉన్న ఒక్క దారిలో నడవడాన్ని సమ్మతి అని ఎలా అంటాం? రెండు దారుల్లోనూ నడవగలిగినప్పుడే ఏరుకోవడం ఉంటుంది. ఆ రెండో దారిని వేయడం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. అది బడి, ఇరుగుపొరుగు కలిసి చేయాల్సిన పని.

అందుకని నా మాట ఇది: భద్రత అడిగేవారూ స్వేచ్ఛ అడిగేవారూ ఇద్దరూ భారంలో వాటా తీసుకోవాలి. బడి మూయాలనేవారు ఫోను లేని పిల్ల చదువు ఎలా సాగుతుందో కూడా చెప్పాలి. తమ ఇంట్లో ఫోను ఉంటే పక్కింటి పిల్లను కూర్చోబెట్టుకోలేకపోయినా, పాఠం కాగితం మీద రాసి గడప దగ్గర ఇవ్వవచ్చు. బడి తెరవాలనేవారు తమ పిల్లకు మాస్కు పెట్టాలి, జ్వరం వస్తే దాచకుండా ఇంట్లో ఉంచాలి, పెద్దలు టీకా వేయించుకోవాలి. వాటా తీసుకోకుండా అడిగేది ఏదైనా సరే, దాని బరువు ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టడమే.

రేపు ఇంకో రోగం రావచ్చు, డెంగ్యూ కావచ్చు, మనకు తెలియనిది కావచ్చు. అప్పుడు మళ్ళీ సమ్మతి పత్రం ఇస్తే దాని రెండు పక్కలా రాసి ఉండాలి. ఒక పక్క ఇంటివాళ్ళు ఏం చేస్తారో, రెండో పక్క బడికి రాని పిల్లకు, వచ్చిన పిల్లకు బడి ఏం చేస్తుందో. అమ్మ సంతకం కింద హెడ్మాస్టరు సంతకం కూడా ఉండాలి.