పెద్దలు ఆడుకుంటే తప్పా?

పోయిన సంక్రాంతి దాటిన తరువాత గృహ సందర్శనకై చిలకలూరిపేట అవతల ఒక పల్లెకు వెళ్ళాను. పత్తి, మిరప పండించే కుటుంబమది. ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, గొంతు తగ్గించి, "ఫాదర్ గారూ, మా ఆయనకు మీరైనా చెప్పండి" అన్నది. ఏమిటమ్మా అంటే, గదిలోకి చూపించింది. పండుగ సెలవులకు వచ్చిన మనవడు బిల్డింగ్ బ్లాకులు మరచిపోయి వెళ్ళాడట. ఒకదానికొకటి బిగుసుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలవి. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్న ఆ పెద్దమనిషి, రోజూ రాత్రి భోజనమయ్యాక వాటిని ముందేసుకుని కూర్చుంటున్నాడట. "2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటను తినేసిన అప్పు ఇంకా తీరలేదు. వడ్డీ పెరుగుతోంది. ఈయనేమో పిల్లాడిలా బొమ్మరిళ్ళు కడుతున్నాడు. ఊళ్ళో నవ్వుతున్నారు" అని కళ్ళు తుడుచుకున్నది.

నేను వెనకాముందూ చూడకుండా ఆయనకు ఉపదేశం చేశాను. పెద్దవాడయ్యాక పసితనపు చేష్టలు విడిచిపెట్టానని పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన సంగతి గుర్తుచేశాను. ఆయన ఒక్కమాట అనలేదు. ఇటుకలన్నీ సంచిలోకి ఎత్తి మూతి కట్టాడు. ఆ ఆదివారం పూజ అయ్యాక మాత్రం నా దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారూ, ఆ ఒక్క గంటా నాకు బాకీ గుర్తుకురాదండి. తరువాత కాస్త నిద్రపడుతుంది. అది పాపమంటారా?" అని అడిగాడు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాలేదు. ఆ జవాబు ఇప్పుడు మీ అందరి ఎదుట చెబుతున్నాను.

ముందుగా ఒక్కసారి మన బాల్యానికి వెళదాం. ప్లాస్టిక్ ఇటుకలు మన ఊళ్ళకు రాకముందు మనం కట్టలేదా? వాన పడగానే నల్లరేగడి మట్టి పిసికి ఎద్దులు చేశాం. జొన్న బెండు చీల్చి, తుమ్మముళ్ళు గుచ్చి బండి కట్టాం. తాటిబుర్రలకు పుల్ల గుచ్చి వీధంతా దొర్లించాం. అగ్గిపెట్టెలు వరసగా పేర్చి రైలన్నాం. ఆ పని విసుగుపుట్టి మానేశామా? లేదు. "గాడిదలా ఎదిగావు, ఇంకా ఆటలేంట్రా" అని ఎవరో అంటే, సిగ్గుపడి మానేశాం. చేతిలోకి పలుగూ పారా వచ్చాయి, తరువాత పురుగుమందు పంపు వచ్చింది.

ఇది మన పల్లె ముచ్చట మాత్రమే కాదు. లెగో అనే పేరు మీరు విని ఉంటారు. డెన్మార్కులోని బిల్లుండ్ అనే పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో రైతుల చేతిలో డబ్బులాడక, ఇళ్ళూ సామాన్లూ చేయించుకునేవారు కరువయ్యారు. 1932లో ఆయన కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే సంవత్సరం భార్య మరణించింది, నలుగురు కొడుకులు మిగిలారు. అంటే ఆ బొమ్మల వెనుక ఉన్నది రైతుల కష్టకాలమే, ఒక ఇంటి దుఃఖమే. 'బాగా ఆడుకో' అనే అర్థమిచ్చే డేనిష్ మాటల నుండి లెగో అనే పేరు పుట్టింది. ఇప్పుడు మనం చూసే ఇటుక అమరికకు 1958 జనవరి 28న పేటెంటు కోరారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకతో ఇప్పటికీ బిగుసుకుంటుంది.

ఆ ఇటుకలను చిన్ననాడు విడిచిన పెద్దలెందరో మళ్ళీ చేతబట్టారు. 2008లో ఆ సంస్థ 5,922 ముక్కల తాజ్‌మహల్ పెట్టె తెచ్చింది. 2020 నుండి పద్దెనిమిదేళ్ళు దాటినవారి కోసమని పెట్టెల మీదనే ముద్రిస్తున్నది. 2019లో మంటల్లో చిక్కిన పారిస్ నోత్రదామ్ దేవాలయం 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్నది కదా, అదే ఏడాది ఆ దేవాలయం నమూనా 4,383 ముక్కలుగా వచ్చింది. వీరందరినీ తెలివిలేనివారని కొట్టిపారేయగలమా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు, ఆటలో సద్గుణం ఉండగలదా అని సూటిగా అడిగారు. అరిస్టాటిల్ ఆలోచనను ఆధారం చేసుకుని, ఉండగలదని జవాబిచ్చారు. పనిచేసిన శరీరానికి విశ్రాంతి కావలసినట్టే, శ్రమించిన మనసుకూ విశ్రాంతి కావాలి, ఆ విశ్రాంతి ఆటలో దొరుకుతుందన్నారు. సువార్తికుడు పునీత యోహానుగారి గురించి పూర్వం చెప్పుకున్న ఒక కథను ఆయన గుర్తుచేస్తారు. శిష్యులతో ఆడుతున్న యోహానుగారిని చూసి కొందరు నొచ్చుకున్నారట. వారిలో ఒకని చేతిలో విల్లు ఉన్నది. బాణాలు వేయమని, ఇంకా ఇంకా వేయమని చెప్పి, ఇలాగే ఆపకుండా వేయగలవా అని అడిగారట. వేస్తే విల్లు విరుగుతుందన్నాడు అతడు. మనసూ అంతేనన్నారు యోహానుగారు. అంతేకాదు, తాను ఆనందించక, ఇతరుల ఆనందానికీ అడ్డుపడేవాడిది కూడా దోషమేనని అక్వినాసుగారు రాశారు. ఆ మాట చదువుతుంటే నా ఉపదేశమే నాకు తగిలింది.

మరి పౌలుగారి మాట? అది బొమ్మల గురించి చెప్పినది కాదు. ప్రేమను గురించి చెబుతూ, మన అరకొర తెలివి పరిపూర్ణం కావడానికి ఆయన వాడిన పోలిక అది. విడిచిపెట్టవలసిన పసితనం వేరే ఉన్నది: "నాదే, నాకే" అనే పేచీ, ఓడితే అలగడం. వయసు మీదపడినా వీటిని విడవని పెద్దలను మనం చూస్తూనే ఉన్నాం. నిలుపుకోవలసిన పసితనమూ ఉన్నది: లాభం లెక్కవేయకుండా ఒక పనిలో మునిగిపోవడం. క్రీస్తు ప్రభువు శిష్యుల నడుమ ఒక బిడ్డను నిలబెట్టింది ఊరికే కాదు.

మన రైతు సంగతి ఆలోచించండి. విత్తనం ఆయనది, చెమట ఆయనది. ఫలితం మాత్రం వానది, పురుగుది, యార్డులో ధరది. ఏ పని చేసినా క్వింటాళ్ళలోనే లెక్క. ఆ బల్ల మీద మాత్రం పెట్టిన ఇటుక పెట్టినచోట ఉంటుంది. తప్పు పెడితే తీసి మళ్ళీ పెట్టవచ్చు, నష్టం లేదు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే, వాటిని 91 కోట్లకు పైగా విధాల కూర్చవచ్చునని లెక్కగట్టారు. దారులన్నీ మూసుకున్నాయనుకునే మనిషికి ఆ గంటసేపు ఇన్ని దారులు కనిపిస్తాయి. 1987-88లో ఇదే గుంటూరు, ప్రకాశం నేల మీద పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంగతి ఎరిగినవారెవరూ నిద్రపట్టించే ఒక గంటను చూసి నవ్వకూడదు.

అయితే హద్దులు లేవా? ఉన్నాయి. ఆట ఎవరికీ హాని చేయకూడదు, మనసు అదుపు తప్పకూడదు, మనిషికీ వేళకూ చోటుకూ తగి ఉండాలి అని అక్వినాసుగారే చెప్పారు. వేలకు వేలు పోసి కొని, అద్దాల బీరువాలో పెట్టి, మనవడు ముట్టుకుంటే కసిరేవాడు ఆడుకోవడం లేదు, ఆస్తి కూడబెడుతున్నాడు. ఇటుకలు చెప్పినట్టు వింటాయి. భార్యాబిడ్డలు అలా వినరు. ఆట ముగిసి లేచాక ఇంటివారితో మరికాస్త మెత్తగా మాట్లాడగలిగితే ఆ ఆట మంచిదే. వారి ముఖం చూడకుండా ఉండటానికే ఆడుతుంటే అది పలాయనం. ఒక మాట మరువవద్దు: ఆట అప్పు తీర్చదు. దిగులు వదలకపోతే ఇంటివారికి చెప్పుకోండి, డాక్టరును చూడండి, మీ విచారణ గురువుల తలుపు తట్టండి. అలాంటివాని పక్కన నిలబడటం పొరుగువారమైన మన అందరి బాధ్యత.

నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. తొందరపడి మాట్లాడానని ఆ దంపతులిద్దరి ఎదుట ఒప్పుకున్నాను. ఆ అమ్మ లోపలికి వెళ్ళి సంచి తెచ్చి, మూతి విప్పి, తానూ పక్కనే కూర్చున్నది. బాకీల కాగితాలు కూడా ఆ రోజే ముగ్గురం కలిసి చూశాం.

ప్రియ పాఠకులారా, వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక గంట టీవీ, ఫోను పక్కన పెట్టి మీ పిల్లలతో నేల మీద కూర్చోండి. ఇటుకలు లేకపోతే జొన్న బెండు చాలు. బండి ఎలా కట్టాలో మీ చేతులు మరచిపోయి ఉండవు.