కోసిన పువ్వు ఎవరిది?

గులాబీని కోయడం హింసేనా? కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో విన్న తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. నాటు గులాబీ పొద దగ్గరికి వెళ్లి చూస్తే మాత్రం జవాబు చిక్కుపడుతుంది. వానలు వెనకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో ఎండుపుల్లలు తీసేసి, బయటివైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కత్తిరిస్తే ఆ కన్నే చిగురిస్తుంది. కొమ్మ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది మొగ్గలను అణిచి ఉంచుతుంది. కొస పోగానే అవి మేలుకుంటాయి. పూలు వచ్చేది ఆ కొత్త చిగుళ్లకే. కత్తెర మొక్కకు శత్రువు అనలేం.

అలాగని దీన్ని ఉపకారంగా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. వాడిన పువ్వును తుంచకపోతే చాలా రకాల్లో అది కాయై గింజ కడుతుంది, పూత తగ్గుతుంది. తుంచినప్పుడల్లా పొద మళ్లీ పూసేది ఆ గింజ కోసమే. మన పూజ దాని లెక్కలో లేదు. మొక్కకు నొప్పి తెలియదు కదా అనవచ్చు. నాడులు లేవు, నిజమే. కానీ నొప్పి లేనిచోట బాకీ కూడా లేదనడం ఎలా? మనం తీసుకున్నది దాని సంతానాన్ని. పాదులో వేసే పశువుల ఎరువు, వేసవిలో పోసే నీళ్లు ఆ బాకీ కింద జమ. కాయ కట్టే రకమైతే చివరి పూతలో నాలుగు పూలను తుంచకుండా వదిలేయాలి.