చచ్చిన పులికి కోపమెవ్వరిచ్చిరి?

ఇటీవల మచిలీపట్టణమున మాకు వరుసకు పెదనాన్న యగు నొక వృద్ధుని యింటికి పోయియుంటిమి. ఆయన తండ్రిగారు వేటాడి తెచ్చిన పులితోలొకటి తలతో సహా హాలులో గోడకు వ్రేలాడుచున్నది. దానికి ప్రభుత్వమువారి ధ్రువపత్రము గలదని, మేమడుగకయే, ఆయన ముందుగా చెప్పిరి. నోరు పూర్తిగా తెఱచి, పై పెదవి ముడుతలు పడునట్లెత్తి, కోఱలు చూపుచు, ఆ పులి మఱుక్షణమున మీద పడునట్లున్నది. ఆయన మనుమడు, ఏడేండ్లవాడు, దానివంక చాలసేపు చూచి, “తాతయ్యా, దీనికంత కోపమెందుకు?” అని యడిగెను. “మా నాన్నను చంపటానికి వచ్చింది నాన్నా” అని పెదనాన్నగారు నవ్విరి. పిల్లవాడు నమ్మెను. మేము నమ్మలేకపోతిమి.

ఆ తలను తీర్చినవారెవ్వరో ఆ యింట నెవ్వరికిని తెలియదు. ఆ దినములలో దక్షిణదేశమున నీ పనికి మిక్కిలి పేరుపడినది మైసూరులోని వాన్ ఇంగెన్ వారి కర్మశాల. యూజీన్ వాన్ ఇంగెన్ 1900 ప్రాంతమున దానిని నెలకొల్పెను. పిదప ఆయన కుమారులు నడపిరి. 1999లో మూతపడువఱకు నది కుటుంబవృత్తిగానే సాగినది. పులులును చిఱుతలును కలిసి 43,000కు పైగా నా చేతులమీదుగా పోయినవని లెక్క. వేటగాండ్రు అడవిలోనే తోలొలిచి, ఉప్పు రాచి, నీడను ఆరబెట్టి రైలుమీద పంపెడివారు. ఇచ్చట దానిని పదును చేసి, కాగితపు గుజ్జుతో అచ్చులలో పోసిన బోలు శరీరముపై తొడిగి, గాజు కన్నులమర్చి కుట్టెడివారు. మూసిన నోటికంటె తెఱచిన నోటికి పని యెక్కువ. చిగుళ్లు, నాలుక, అంగిలి, అన్నియు చేతితో మలచి రంగు వేయవలయును. అయినను వేటగాండ్రు తఱచుగా కోరినది తెఱచిన నోటినే.

ఏల కోరిరి? పులివేట జరిగిన తీరు నెఱిగినచో నిది బోధపడును. అడవిలో నొక దున్నదూడను చెట్టునకు కట్టివేయుదురు. దానిని చంపి తినుటకు వచ్చిన పులిని మంచెమీద కూర్చున్న దొరగారు తుపాకితో కాల్తురు. లేదా డప్పులు మ్రోయించి, కేకలు వేయించి, బెదరిన పులిని తుపాకి యెదుటికి తోలింతురు. మొదటి విధమున చచ్చిన పులి యాకలితోనున్నది. రెండవ విధమున చచ్చినది పాఱిపోవుచున్నది. కోపమునకు తావెక్కడ? గాయపడి తిరుగబడినవి లేకపోలేదు గాని, గోడలపైనున్న పులులన్నియు తిరుగబడినవే యైనచో వేటగాండ్రలో మిగులువారు కొలదిమందియే.

మన డెల్టాలో పులులు లేవు. కొల్లేటిలో బాతులను కొట్టినవారు వండుకొని తినిరి. దివిసీమ మడ అడవులలో వలలోని చేపల నెత్తుకొనిపోవు బావురుపిల్లిని చంపినవారు కసితో చంపిరి. ఇవి మంచిపనులని మేమనము. మడ అడవికి 1989లోను, కొల్లేటికి 1999లోను అభయారణ్యములై రక్షణ కలుగుట మాకు సంతోషమే. అయినను బాతును తిన్నవాడు, బాతు తనపై కలియబడెనని యెవ్వరితోను చెప్పుకొనలేదు.

ఇక పనివాని సంగతి. భారతమున ధర్మవ్యాధుడు, తాను చంపుట లేదనియు, ఇతరులు చంపిన మాంసము నమ్ముచున్నాననియు, ఇది తన కులవృత్తి యనియు కౌశికునితో చెప్పును. నాగలి దున్నువానిచేతను ఎన్నియో ప్రాణులు చచ్చుచున్నవనియు చెప్పును. ఈ సమాధానము మైసూరు పనివానికిని చెల్లును. అతడు కుట్టనంతమాత్రమున చచ్చిన పులి లేచిరాదు. కాని ధర్మవ్యాధుడు మాంసమును మాంసమనియే అమ్మెను. పులితోలు కుట్టువాని చేతికి మాత్రమొక రహస్యము చిక్కును. గుండు ఎక్కడ దిగినదో, ముందునుండియా, ప్రక్కనుండియా, వెనుకనుండియా, వేటగాని తరువాత స్పష్టముగ నెఱిగినవాడు అతడొక్కడే. ఆ రంధ్రమును కనబడకుండ కుట్టుట అతని నేర్పు. కుట్టిన పిమ్మట ముఖమునకు కోపము తీర్చును. చంపినవానిని ధీరునిగను, చచ్చినదానిని నేరము చేసినదిగను మార్చునది ఆ సూదియే. మా యాక్షేపణ చచ్చినదానిని ముట్టుటను గూర్చి కాదు. ఈ దొంగసాక్ష్యమును గూర్చి. 1972 నాటి లెక్కలో దేశమంతటను మిగిలిన పులులు 1,827. ఆ యేటనే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. గోడమీది కోపము చూచి పెరిగిన పిల్లలెందఱు తామును అట్టిదొకటి తేవలెనని తుపాకి పట్టిరో యెవ్వరు చెప్పగలరు?

ఈ విద్యయే చెడ్డదని మేమనజాలము. ముంబాయిలో సంజయ్ గాంధీ జాతీయోద్యానమున 2009లో నెలకొల్పిన కేంద్రములో జబ్బుచేతను ముసలితనముచేతను చచ్చిన మృగములను బిడ్డలకు చూపుటకై నిలిపిరి. సూది యదే, చెప్పు మాట వేఱు.

ఇదంతయు పెదనాన్నగారితో అంటిమి. ఆయన కోపగించుకొనలేదు. “గుడివాడలో మీ తాత ఇంట్లో గేదెదూడ చస్తే ఏం చేసేవారో మఱచిపోయావా?” అనిరి. మఱవలేదు. దూడ తోలొలిచి, ఎండబెట్టి, వరిగడ్డి కూరి, పాలు పితుకు వేళకు తల్లిముందు నిలిపెడివారు. గేదె దానిని నాకి, వాసన చూచి, పాలు చేపెడిది. ఆ పాలతోనే మేము పెరిగితిమి. మా యింట నెవ్వరికిని ఆ బొమ్మ బ్రదికినదన్న భ్రమ లేదు, మోసపోయినది గేదె యొక్కటే, అని సమాధానము చెప్పబోయితిమి. సగములోనే మాకది తృప్తిగా తోపలేదు. నోరు లేనిదానిని మోసగించుట తేలిక యని యొప్పుకొన్నట్లే గదా! పెదనాన్నగారు మాటాడక కాఫీ త్రాగిరి.

కొంతసేపటికి ఆయనయే లేచి, తోలును గోడనుండి దింపించి, తిరగవేసిరి. వెనుక కుట్టిన గుడ్డ ఒకచోట చినిగియున్నది. ఆ చినుగులోనుండి, తోక మొదటికి జానెడు పైగా, సన్నని కుట్లు కనబడినవి. పిల్లవాడు వ్రేలు పెట్టి చూచి, “ఇక్కడెందుకు కుట్టారు తాతయ్యా?” అని యడిగెను. పెదనాన్నగారు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చెట్టునకు కట్టివేసిన దూడ మొదలుకొని చెప్పసాగిరి.