మార్పిడియందలి మౌనము

పాతవస్తువు నిచ్చి, దాని వెల పోఁగా మిగిలిన సొమ్ము చెల్లించి, క్రొత్తవస్తువును గొనుట నేఁడు సర్వసాధారణమైనది. పాతబట్టలకు గిన్నెల నిచ్చు బేరము మన యిండ్లవారెఱిఁగినదే. ఇప్పుడు కెమేరాలకును ఆ పద్ధతి వచ్చినది. ఇందు దోషమేమియు లేదు. కాని మనమిచ్చు వస్తువున మనకు మాత్రమే తెలిసిన లోపమున్నచో, అడుగకయే చెప్పవలయునా, ఊరకుండవచ్చునా? చిన్నదిగాఁ గనఁబడు నీ ప్రశ్నను జదువరులతోఁ గలసి విచారింపఁదలఁచితిమి.

మా మైలవరము చుట్టుపట్ల కొండలలోఁ బుట్టిన బుడమేరు కొల్లేటిలోఁ గలియును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో అది పొంగి, కట్టలకు గండ్లు పడి, విజయవాడలో సింగునగరు మొదలగు పేటలను ముంచెను. అట్టి వఱదలోఁ దడిసిన కెమేరా సంగతి విచిత్రమైనది. ఆఱఁబెట్టి బ్యాటరీ వేసినచో అది యొక్కొక్కప్పుడు మరల పనిచేయును. కాని నీటితో వచ్చిన లవణములును మట్టియు లోపలి బోర్డుపై నిలిచి లోహమును మెల్లఁగాఁ దినివేయును. లెన్సులోఁ జిక్కిన తేమవలన బూజు పట్టును. నేఁడు చక్కఁగాఁ బనిచేసిన యంత్రము కొన్ని నెలలకుఁ బెండ్లిపందిటిలో నిలిచిపోవచ్చును. అంగడివాఁడు మీట నొక్కి చూచునపుడు ఈ దోషము పైకిఁ దెలియకపోవచ్చును. అప్పుడది యజమానుని జ్ఞాపకములో మాత్రమే యుండును.

చట్టమేమనుచున్నది? 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో మోసమును నిర్వచించి, చెప్పవలసిన బాధ్యత లేనిచోట ఊరకుండుట మాత్రమే మోసము గాదని కొన్ని యుదాహరణముల నిచ్చినది. దోషముగల గుఱ్ఱమును వేలములో నమ్మువాఁడు ఆ సంగతి చెప్పకున్నను మోసము గాదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూఁతురైనచో చెప్పుట వాని విధి. నీవు కాదనకున్న గుఱ్ఱము మంచిదే యని తలఁతునని కొనువాఁడు పలికినపుడు ఊరకుండుట, మంచిదే యని చెప్పుటతో సమానము.

కావున నీరు తగిలినదా యని యంగడివాఁ డడిగినపుడు లేదనుట మోసమే. అడుగనిచోట చట్టము మనలను విడువవచ్చును, ధర్మము విడుచునా? మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున దోషయుక్తమైనదియు, తక్కువైనదియు, కప్పిపుచ్చఁబడినదియు నగు సరకు అమ్మఁదగదని కలదు. ఆ స్మృతిలో మన మంగీకరింపరాని మాటలు పెక్కు గలవు; ఈ మాట మాత్రము నేఁటికిని నిలువఁదగినది.

అంగడివాఁడు నిపుణుఁడు, పరీక్షించుకొనుట వాని పని, ఎట్లును తక్కువ వెలయే యిచ్చుచున్నాఁడు గదా యని కొంద ఱందురు. ఈ తక్కువ వెలకుఁ గారణమును విచారింపవలెను. 1970లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుఁడు జార్జి అకెర్‌లోఫ్ పాత మోటారుకార్ల బేరమును దృష్టాంతముగాఁ గొని దీనిని వివరించెను. దోషము అమ్మువానికే తెలిసినచోట కొనువాఁ డన్నిటిని అనుమానించి వెల తగ్గించును, మంచివస్తువు గలవాఁడు గిట్టక తొలఁగిపోవును, చెడ్డవే మిగులును. అనఁగా నేఁటి తక్కువ వెలలో నిన్నటి మౌనముల పాలు కొంత గలదు. ఆ మౌనముల శిక్షను సత్యవంతుఁడును అనుభవించుచున్నాఁడు.

మఱియు దోషము అంగడిలో నిలిచిపోదు. అది చేతులు మాఱి, క్రొత్తది కొనలేని వానికిఁ జేరును. అప్పు చేసి పాత కెమేరాతో బ్రదుకు తెరువు మొదలిడు పల్లెటూరి యువకుఁడే తఱచుగా దానిని గొనువాఁడు. మన క్రొత్త కెమేరా వెలలో కొంత వాని నెత్తిపైఁ బడుచున్నది. వాని ముఖము మాత్రము మనకుఁ గనఁబడదు.

చేయవలసినది కష్టము గాదు. ఎప్పుడు కొన్నది, ఏ ప్రమాదము జరిగినది, ఇప్పు డేది పనిచేయుచున్నది, ఈ మూఁడు సంగతులను చీటిపై వ్రాసి వస్తువుతో నీయవలెను. అంగడివాఁడు దానినిబట్టి వెల కట్టును. లేదా విడిభాగములుగా వాడుకొనును. మనకుఁ గొంత సొమ్ము తగ్గును. ఆ సొమ్ము మనది కానేకాదు; దోషమును దాఁచినప్పుడే అది మనదైనట్లు కనఁబడినది.

ఈ బేరములకు మనము పిల్లలను వెంటఁ గొనిపోవుచున్నాము. నీళ్లలోఁ బడిన సంగతి చెప్పకుమని తండ్రి మెల్లఁగాఁ జెప్పు నొక్క మాట, బడిలో మేము సంవత్సరమంతయుఁ జెప్పు నీతిపాఠమును తుడిచివేయఁజాలును. గుఱ్ఱము కథలో చట్టము కూఁతునకు మాత్రమే సత్యమును విధించినది. ముఖ మెఱుఁగని కొనువానికిని ఆ సత్యము నిచ్చుట గృహస్థు తనకుఁ దాను విధించుకొనవలసిన ధర్మము.