చీకటికి అలవాటు పడిన కన్ను

సర్వస్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చిన్నతనంలో ఒక రాత్రి తమ తల్లి సోదరి, విశ్వాసుల మాతృమూర్తి మైమూనా (రజి) ఇంట ఉన్నారు. రాత్రి చివరి భాగంలో దైవప్రవక్త (స) లేచి కూర్చుని, ఆకాశం వైపు చూసి, ఆలి ఇమ్రాన్ సూరా చివరి ఆయతులు పఠించారు. భూమ్యాకాశాల సృష్టిలో ఆలోచనాపరులకు సూచనలున్నాయని తెలిపే ఆయతులివి. ఆ తరువాత ఆయన (స) వుజూ చేసి నమాజుకు నిలబడ్డారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ఈ హదీసును తలచుకుంటూ శీతాకాలంలో ఒక రాత్రి, ఇషా నమాజు తరువాత, మేము పిల్లలతో కలిసి ఊరి దీపాలకు దూరంగా టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నాము. ముందుగా సురయ్యాను చూశాము. మన ఆడపిల్లలకు ముచ్చటగా పెట్టుకునే ఈ పేరు ఒక నక్షత్ర గుచ్ఛానిది. తెలుగులో కృత్తికలంటారు. వట్టి కంటికి ఆరేడు చుక్కలే. టెలిస్కోపులో పదుల కొద్దీ కనిపించాయి. శాస్త్రజ్ఞులు గుర్తించినవి వెయ్యికి పైనే! ఆ వెలుగు మనల్ని చేరడానికి సుమారు 440 ఏళ్లు పడుతుంది. అంటే 1591లో చార్మినార్ కట్టడానికి కొంచెం ముందు బయలుదేరిన కాంతి ఆ రాత్రి మా కంటపడిందన్నమాట.

తరువాత ఓరియన్ నెబ్యులాను చూశాము. కొత్త నక్షత్రాలు పుట్టే వాయు ధూళి మేఘమిది. దూరం సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. "ఫొటోలో ఎర్రగా ఉంది కదా అబ్బా, ఇక్కడ బూడిదరంగు పొగలా ఉందేం?" అన్నాడొక బాబు. మసక వెలుతురులో మన కన్ను రంగులు పట్టలేదు. లోపం కంటిదే, సృష్టిది కాదు.

అంతలో మాలో ఒకరు సెల్‌ఫోన్ తెరిచారు. చీకటికి అలవాటు పడిన కళ్లు ఒక్క క్షణంలో చెదిరాయి. నెబ్యులా మసకబారింది. మళ్లీ స్పష్టంగా కనిపించడానికి దాదాపు అరగంట పట్టింది.

సోదర సోదరీమణులారా! ఆకాశంలో ఏదీ తగ్గలేదు, మా చూపే తగ్గింది. హృదయం సంగతీ ఇంతే. ఇషా తరువాత కబుర్లను ప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. మన ఇళ్లలో నేడు ఇషా తరువాతే టీవీ, సెల్‌ఫోన్ల సందడి మొదలవుతోంది. అర్ధరాత్రి దాకా వాటి వెలుగులో గడిపిన కళ్లు ఫజ్ర్ వేళకు తెరుచుకోవడం లేదు. అల్లాహ్ సూచనలు యథాతథంగానే ఉన్నాయి. మనమే వాటిని చూసే శక్తిని పోగొట్టుకుంటున్నాము.

టెలిస్కోపు లేదని బాధపడనక్కరలేదు. 964లో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ వట్టి కంటితోనే ఆండ్రోమెడాను చిన్న మేఘంగా గుర్తించి గ్రంథస్థం చేశారు. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న గెలాక్సీ అని నేడు మనకు తెలుసు. అయితే ఎంత దూరం చూసినా, ఆ చూపు మనల్ని సజ్దా వరకు తీసుకుపోకపోతే అది వినోదమే అవుతుంది.

ఈ రాత్రి నుంచే ఇషా తరువాత సెల్‌ఫోన్ పక్కన పెడదాం. ఫజ్ర్‌కు కాస్త ముందు లేచి, పిల్లల చెయ్యి పట్టుకుని డాబా మీదికి వెళ్లి ఆకాశం చూద్దాం. ఆ తరువాత వుజూ చేసి నిలబడదాం.

చూసే కళ్లనూ, వంగే హృదయాలనూ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.