తరుగు ఎవరి ఖాతాలో?

మా ఇంట్లో గొడవలు సాధారణంగా పప్పులో ఉప్పు దగ్గర మొదలై టీవీ దగ్గర ముగుస్తాయి. ఈసారి గొడవ మాత్రం ఏకంగా జర్మనీలో మొదలై, జపాను మీదుగా వచ్చి, రావల్కోల్‌లో మా పెరటి రేకుల షెడ్డు కింద ఆగింది.

ఆ షెడ్డులో మావారి ప్రీమియర్ పద్మిని కారు ఉంది. బుక్ చేసి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, 1983లో ఇంటికి తెచ్చుకున్న కారు. పిల్లల అక్షరాభ్యాసానికి బాసర వెళ్లింది అందులోనే. ఆయన పోయి ఆరేళ్లు. అప్పటినుంచీ అది కదలలేదు. నేను వారానికోసారి తుడుస్తాను, అంతే.

ఒక ఆదివారం పొద్దున్న మా అబ్బాయి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "అమ్మా, నాన్న కారును హాట్‌రాడ్ చేస్తాను. రోటరీ ఇంజను పెడతాను" అన్నాడు.

నాకు అర్థమైంది ఒక్క 'నాన్న కారు' మాత్రమే. మిగతాది వాడే చెప్పాడు. 1930లలో అమెరికాలో, కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజనుకు బలం పెంచి, ఎండిపోయిన సరస్సుల్లో పందేలు వేసుకునేవారట. అలా తిరగరాసిన కారు హాట్‌రాడ్. మరి రోటరీ ఇంజనేమిటంటే, దానికి వాడు కాగితం మీద బొమ్మలు గీశాడు గానీ, నాకు మా వంటింటి భాషలోనే తెలిసింది. మామూలు ఇంజను రోకలి లాంటిది. పైకీ కిందికీ దంచుతుంది, ప్రతిసారీ ఆగి వెనక్కి తిరుగుతుంది. రోటరీ ఇంజను రుబ్బురోలు. లోపల మూడు మూలల పొత్రం ఒకటి గోడను ఒరుసుకుంటూ ఆగకుండా తిరుగుతుంది. అందుకే చిన్నదిగా, తేలిగ్గా ఉంటుంది, హాయిగా పాడుతుంది. పెట్రోలు మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తాగుతుంది.

దీన్ని ఊహించినవాడు ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మను. మొదటి ఇంజను 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో తిరిగింది. ఇంత ఇంజను కనిపెట్టిన మనిషికి డ్రైవింగ్ లైసెన్సు లేదట! 1967లో ఆ కంపెనీ ఆర్‌ఓ 80 అనే అందమైన కారు తెచ్చింది. పొత్రం కొసల్లో ఉండే సీళ్లు తొందరగా అరిగిపోయాయి. కొన్నవాళ్లకు ఉచితంగా ఇంజన్లు మార్చి ఇచ్చీ ఇచ్చీ నష్టపోయిన కంపెనీ 1969లో ఫోక్స్‌వాగన్ చేతికి వెళ్లిపోయింది. హిరోషిమాలోని మజ్దా వాళ్లకూ అదే తిప్పలు. లోపలి గోడ మీద పడే గీతలను 'సైతాను గోళ్లు' అనేవారట. కెనిచి యమమోటో అనే ఇంజనీరు బృందం పట్టు వదలక సీళ్లను బాగుచేసి, 1967లోనే కాస్మో స్పోర్ట్ కారు తెచ్చింది. 1991లో రోటరీ ఇంజను కారే ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరవైనాలుగు గంటల పందెం గెలిచింది. ఆ పందెం గెలిచిన మొదటి జపాను కారు అదే.

అంతా విని, "చాలా బాగుంది. మీ నాన్న కారును మాత్రం ముట్టుకోవద్దు" అన్నాను.

"నువ్వు దాచుకున్నది కారు కాదమ్మా, తుప్పు" అన్నాడు వాడు. అనకూడని మాట. వాడికీ తెలుసు. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మూడోరోజు ఆ తుప్పును తుడుస్తూ డిక్కీ తెరిచాను. స్టెప్నీ కింద ప్లాస్టిక్ కవర్లో మావారి నోటుపుస్తకం. పాలవాడి లెక్క కూడా తారీఖు వేసి రాసే మనిషి ఆయన. 1986: సీట్లు రెగ్జిన్‌తో కొత్తవి. 1991: క్లచ్చి. 1994: ఇంజను పూర్తిగా పోయింది, అదే రకం వేరే ఇంజను పెట్టించాను, ఆర్.సి.లో నంబరు మార్పించాను. 1997: స్టీరింగు పక్కన ఉన్న గేరు నేల మీదికి. 2002: క్రీము రంగు తీసి నీలం.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆరేళ్లుగా 'ఆయన కొన్న కారు' అని నేను తుడుస్తున్నది ఏది? ఆయన కొన్న ఇంజను లేదు, సీట్లు లేవు, రంగు లేదు.

మిళింద రాజు కథ మీలో చాలామంది విని ఉంటారు. రథమెక్కి వచ్చిన ఆ గ్రీకు రాజును నాగసేనుడనే భిక్షువు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? దేనికీ రాజు అవుననలేడు. ఇవన్నీ కూడినప్పుడు పెట్టుకున్న పేరే రథం అని తేలుతుంది. అలాగైతే మా షెడ్డులోది కూడా ఒక పేరే. మరి పేరు కోసం కొడుకుతో మాటలు మానుకోవడం ఏం న్యాయం?

కానీ అంత సులువుగా ఒప్పుకోలేకపోయాను. ఆయన మార్చింది కారు మమ్మల్ని మోయడానికి. వీడు మార్చేది ఎవరినీ మోయని దానికోసం. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసినవాళ్లు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రోటరీ ఇంజను పెడితే ఆ కారు మేడ్చల్ రోడ్డెక్కడానికి వీల్లేదు. "మరెందుకురా?" అంటే, "నడపడానికి కాదమ్మా, చెయ్యడానికి" అన్నాడు.

పనికిరానిది చెయ్యడం తప్పా? అలా అనే హక్కు నాకుందా? పొద్దున్నే చుక్కలు లెక్కపెట్టి వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర, కె. సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం ఉంది. వంకాయ కారు, మడమ చెప్పు కారు, హ్యాండ్‌బ్యాగు కారు, అన్నీ నడిచేవే. 2005లో ఆయన చేసిన నలభై ఒక్క అడుగుల మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ వంకాయ ముందు నిలబడి చిన్నపిల్లలా నవ్వాను నేను. ఇంత నవ్వించినది పనికిరానిదెలా అవుతుంది?

మరి నన్ను పట్టి లాగుతున్నదేమిటి? రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే మా అమ్మ కాసులపేరు గుర్తుకొచ్చింది. నా పెళ్లయిన మూడో ఏట, ఆడపడుచు పెళ్లికని, దాన్ని కరిగించి గాజులు చేయించారు. అవసరమే, కాదనను. కంసాలి తూకం వేసి, "తరుగు ఇంత పోతుందమ్మా" అన్నాడు. ఆ తరుగు మా అత్తగారికి కాదు, ఆడపడుచుకు కాదు. అది నాకు పోయింది. నన్నెవరూ అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. మంచి కోడలినని పేరొచ్చింది.

దేన్ని కరిగించి దేన్ని చేసినా తరుగు తప్పదు. కరిగించడం పాపం కాదు. తరుగును నోరెత్తనివాళ్ల ఖాతాలో రాయడం పాపం.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ గొడవంతట్లో ఒక్క మాటా అనని మనిషి ఇంట్లో ఉందని. తెల్లారి మా కోడలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, "డబ్బు గురించి బాధపడుతున్నావా?" అన్నాను.

"డబ్బు కాదత్తయ్యా, ఆదివారాలు" అంది తలెత్తకుండా. బి.ఇడి. పరీక్షకు చదువుకోవాలి. వారమంతా ఇల్లు, పాప. ఆదివారమైనా ఆయన పాపను చూస్తారేమోనని ఆశ. ఇక ఆ ఆదివారాలు షెడ్డులోకి పోతాయి.

ఆ రాత్రి అన్నాలయ్యాక ముగ్గుర్నీ కూర్చోబెట్టి లెక్క వేశాను. జ్ఞాపకం తరుగు నాది. అది నేను పెట్టుకుంటాను, నీలం రంగు ఊడిపోయినా సరే. పాత ఇంజను అమ్మడానికి వీల్లేదు. డబ్బు తరుగు వాడిది, ఇంటిఖర్చు ముట్టకూడదు. కోడలి తరుగు సున్నా. పరీక్ష అయ్యేదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నందాకా పాప వాడి దగ్గరే. ఆ తర్వాతే షెడ్డు.

"అలాగైతే కారు పూర్తవడానికి నాలుగేళ్లు పడుతుందమ్మా!" అన్నాడు.

"మీ నాన్న కారు రావడానికీ అలాగే పట్టింది" అన్నాను.

మొన్న మేడ్చల్ నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను దింపాడు. దింపుతూ, "అమ్మా, బండి పానం గిదే. పైలంగ పెట్టుకో" అన్నాడు. గోనెపట్టా కప్పి వసారాలో పెట్టించాను. మా మనవరాలు దానిమీదెక్కి బాసర పోతోంది. లోపల కోడలు పాఠాలు గట్టిగా చదువుకుంటోంది. మా అబ్బాయి పాప వెనకాల పాలగ్లాసు పట్టుకుని తిరుగుతూ, ఆశగా షెడ్డువైపు చూస్తున్నాడు. ఇంకా పదిన్నరే అయింది.